ఓసింతేనా గారి తీర్పు

నమోదు 1

నియమం ప్రకారం ఈ పుటలో నేను ఒక్క మాటే రాయాలి: "ఏకీభవిస్తున్నాను." దాని కింద సంతకం పెట్టాలి. బొడ్డు సుభాషిణి, పరీక్షకురాలు, ఆవిష్కరణల కార్యాలయం, గాజుపాలెం, చంద్రమండలం. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ అదే రాస్తున్నాను. ఇవాళ రాయలేదు. పుటలో బోలెడు ఖాళీ ఉంది కాబట్టి ఎందుకు రాయలేదో రాస్తాను. ఎవరైనా చదివితే చదవనీ.

మా కార్యాలయం చేసే పని చెప్పుకోవడానికి సులువే. ఎవరైనా కొత్తది కనిపెట్టామని అర్జీ పెట్టుకుంటే, అది నిజంగా కొత్త ఆలోచనా, లేక ఆ విద్య తెలిసిన సామాన్యుడెవడికైనా తోచేదేనా అని తేల్చాలి. తోచేదే అయితే అర్జీ మీద "తేటతెల్లం" అని ముద్ర పడుతుంది. వచ్చినవాడు వచ్చిన దారినే పోతాడు. వెనకటికి ఆ సామాన్యుణ్ణి మనుషులు మనసులో ఊహించుకుని తీర్పు చెప్పేవాళ్ళట. మాకు ఊహించుకునే శ్రమ లేదు. ఒక యంత్రాన్ని తెచ్చి గోడలో పెట్టారు, పేరు కూడా సామాన్యుడే. భూమ్మీదా ఇక్కడా ఇంతవరకూ రాసిన ప్రతి పత్రం దాని కడుపులో ఉంది. అన్నీ చదివినవాడు సామాన్యుడెలా అవుతాడండీ అని చేరిన కొత్తలో అడిగాను. మా ప్రధాన పరీక్షకులు దక్షిణామూర్తి గారు నవ్వి, "టీ చల్లారిపోతోంది, తాగమ్మా," అన్నారు.

చాటుగా మేం దానికి పెట్టుకున్న పేరు ఓసింతేనా గారు. పొడుపుకథ విప్పమంటే తెల్లమొహం వేసినవాడే, విప్పి చెప్పాక "ఓస్, ఇంతేనా" అంటాడు చూడండి, అచ్చం ఆ బాపతు. ఆయన గోడలోకి వచ్చాక ఒక్క అర్జీ కూడా ముద్ర తప్పించుకోలేదు.

ఇవాళ్టి అర్జీ పిల్లా నూకరత్నం అనే ఆవిడది. ఊరి గోడల అవతల బయటి వరుసలో ఉంటుంది. సంగతి ఫొటోమాస్కు గురించి. మా ఊరు బతికేదే ఫొటోమాస్కు మీద, మేం దాన్ని పలక అంటాం. గాజు పలక మీద సన్నటి లోహపు పొరతో చిప్పు నమూనా గీస్తాం. పలకలోంచి వెలుగు పంపితే ఆ నమూనా చిన్నదై కింద సిలికాను బిళ్ళ మీద అచ్చవుతుంది. పలక మీద ఒక్క దుమ్ము రేణువు పడిందా, దాని నీడ ప్రతి చిప్పులోనూ పడుతుంది, సరుకంతా చెత్తబుట్టకే. అంచేత ఊరంతా కలిసి పొద్దస్తమానం తుడుస్తుంటాం.

నూకరత్నం ఏం చేసిందంటే, ఒకే నమూనాతో నాలుగు పలకలు చేసింది. ఒకదాని తరవాత ఒకటి పెట్టి, ఒక్కోదాని గుండా నాలుగో వంతు వెలుగే పంపింది. నాలుగింటి మీదా దుమ్ముంది. కానీ అన్నింటి మీదా ఒకే చోట లేదు. ఒకదాని మీద రేణువు అడ్డుపడి తగ్గించిన వెలుగుని మిగతా మూడూ పూడుస్తాయి. భజనలో ఒకడు దగ్గితే పాట ఆగదు కదా, అలాగ.

నేను టీలో బెల్లం పాకం కలిపేలోపే ఓసింతేనా గారు తేల్చేశారు. "ఒకటికి మించి పలకలు వాడడం తెలిసినదే. వెలుగును వంతులుగా ఇవ్వడం తెలిసినదే. రెండూ కలపడం తేటతెల్లం."

నేను కలం తీశాను, మళ్ళీ మూశాను. ఆ అర్జీ చదువుతున్నప్పుడు, దుమ్ము పట్టిన పలకను దీపం కింద పెట్టింది అన్న ముక్క దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది. అందరికీ తోచే సంగతికి నా ఒళ్ళెందుకు జలదరించాలి? జవాబు తెలియలేదు. తెలియకుండా ఏకీభవించను.

నమోదు 2

పరీక్షకురాలు సంతకం పెట్టకపోతే ముగ్గురు పెద్దలు కూర్చుని విచారణ జరపాలి. ఆ నియమం ఒకటుందని కూడా అందరూ మర్చిపోయారు. దక్షిణామూర్తి గారు పాపం మంచి మాటలే చెప్పారు. "సుభాషిణీ, ఆవిడెవరో నీకు చుట్టమా పక్కమా? ముద్ర పడితే మాత్రం ఏం కొంప మునుగుతుంది?"

ఏం మునుగుతుందో చూద్దామని బయటి వరుసకి వెళ్ళాను.

గాజుపాలెం చట్టం ప్రకారం పలకల దీపం, అంటే పలకలోంచి వెలుగు పంపి చిప్పులు అచ్చేసే యంత్రం, ఊరి పెద్ద చిప్పుల మిల్లుకి తప్ప ఎవరికీ ఉండకూడదు. సొంతంగా ఏదైనా కనిపెట్టినవాళ్ళకి మాత్రం మినహాయింపు. నూకరత్నం అర్జీ మీద ముద్ర పడితే ఆవిడ దీపం ఊడదీస్తారు, ఆవిడ తిరిగి మిల్లులో చేరాలి. ఆవిడ చేసే చిప్పులతోనే బయటి వరుస గాలి యంత్రాలు నడుస్తున్నాయి. మిల్లు చిప్పులు ముందు ఊరికి, మిగిలితే బయటికి. మిగిలిందెప్పుడు కనక? ఒక ఇంట్లో యంత్రం ఆగిపోతే పక్కింటి వాళ్ళతో కలిసి పడుకుంటున్నారు. ఒకే గాలి రెండు కుటుంబాలు పీలుస్తున్నాయి. కొంప మునగడమంటే ఇంకెలా ఉంటుందో దక్షిణామూర్తి గారినే అడగాలి.

నూకరత్నం మిల్లులో పలకల ఇంజనీరుగా చేసి, మేనేజరుతో పోట్లాడి బయటికొచ్చేసిన మనిషి. మర్యాదలకి ఆవిడ దగ్గర టైము లేదు. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"నాలుగు పలకల సంగతి మీకెలా తట్టిందండీ?" అన్నాను.

"తట్టడానికేటుంది? తుడిసి తుడిసి సేతులు పడిపోనాయి. ఈ వరసలో దుమ్ము లేని సోటు సూపెట్టండి. ఇంక తుడవనని ఒట్టేసుకున్నాను. తుడవకుండా పని ఎలాగవుద్దో ఆలోసించాను."

"మిల్లులో ఎవరికీ తోచలేదా?"

"మిల్లులో దుమ్ము పలక అన్నానంటే మూతి పగలగొట్టీవోరు. మీరు మాత్రం? వొచ్చిన కాడ్నించి ఆ పలకల వేపు సూత్తన్నారేటి? సూత్తే తేల్ని సూసినట్టు సూత్తన్నారు."

నిజమే. చూడలేకపోతున్నాను.

భోజనం పెట్టింది. అన్నంలో కందిపొడి వేసింది. నేను కంచం వెనక్కి లాక్కున్నాను. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను: గాజుపాలెంలో పొడి అనేది లేదు. కందిపొడి, కారప్పొడి, కుంకుమ, విభూది, ముగ్గుపిండి ఏవీ ఊరి మూడు తలుపులు దాటి లోపలికి రావు. మాకు అన్నీ తడివే, పచ్చళ్ళూ పులుసులే. బొట్టు అతికించుకుంటాం. వాళ్ళ మీద వీళ్ళు దుమ్మెత్తిపోశారు అనే మాట పిల్లల ముందు పలకం, అది మాకు బూతు. ఇంత వయసొచ్చి కందిపొడి మొదటిసారి నోట్లో పెట్టాను. ఇన్నాళ్ళూ నన్నెవరో మోసం చేశారనిపించింది.

వెళ్ళేటప్పుడు చిన్న పొట్లం కట్టించుకున్నాను. పట్టుబడితే ఊరి బహిష్కారం. దాన్ని గోంగూర పచ్చడి డబ్బా అడుగున పెట్టి తలుపులు దాటించాను. తలుపు దగ్గర కాపలా కూర్చున్నాయన మూత తీసి వాసన చూసి, "కాస్త మిగల్చండమ్మా," అన్నాడు.

ఏకీభవించడం లేదు.

నమోదు 3

పోయిన వారం ఓసింతేనా గారికి పరీక్ష పెట్టాను. అర్జీ సంగతి ఎత్తకుండా సమస్య ఒక్కటే చెప్పాను: పలక మీద దుమ్ము పడుతోంది, చిప్పులు పాడవుతున్నాయి, ఏం చేయాలి?

పలకని మరింత బాగా తుడవమన్నాడు. గాలిని వడకట్టమన్నాడు. పలక మీద పల్చటి తెర బిగించమన్నాడు. ఆ తెరని కూడా తుడవమన్నాడు. ఎంతసేపు అడిగినా తుడుపే. నాలుగు పలకల ఊసు లేదు. జవాబులన్నీ అచ్చేయించి పరిగెత్తుకుంటూ దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్ళాను. సమాధానం చెప్తే కాని పొడుపుకథ విప్పలేనివాడు పండితుడెలా అయ్యాడో చెప్పండి అన్నాను.

"సరే, విచారణలో చూపిద్దువుగాని," అన్నారాయన. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు ఆ కాగితాలు చదివారు. ఆయనకీ ఎక్కడో గుచ్చుకుంది, నాకు తెలుసు.

ఇవాళ మళ్ళీ అదే ప్రశ్న వేసి చూసుకున్నాను. "ఒకే నమూనాతో నాలుగు పలకలు చేసి, నాలుగో వంతు వెలుగు చొప్పున ఇవ్వవచ్చు," అని తడుముకోకుండా చెప్పాడు. వారాంతంలో కొత్త అర్జీలన్నీ ఆయన కడుపులో కలిపేస్తారట. నూకరత్నం అర్జీ కూడా కలిసిపోయింది. ఆవిడ ఆలోచన ఆవిడకే ఎదురు సాక్ష్యం చెబుతోంది.

"ఇది పెళ్ళయ్యాక జాతకాలు చూసి, ఆహా పొంతన కుదిరింది అనడం కాదాండీ?" అన్నాను.

"నేను కావాలని చేయించలేదమ్మా, నియమం అది," అన్నారు దక్షిణామూర్తి గారు. "నీ దగ్గరున్న పాత జవాబులు పనికి రావు. సామాన్యుడు ఇవాళ ఏం చెప్తే అదే లెక్క."

కోపంతో గోడ దగ్గరికే వెళ్ళి అడిగాను. "అంత తేటతెల్లమైతే ఇన్నేళ్ళలో ఒక్కరూ ఎందుకు చేయలేదు?"

"అడ్డేమీ లేదు," అన్నాడు. "దుమ్ము ఉన్న పలక వాడరాదని ఏ పత్రంలోనూ లేదు."

లేదని చెప్తే నమ్మేస్తానా. వాడొద్దని ఒక్కచోట రాసున్నా, ఇది ఎవరికైనా తోచేది కాదని వాదించొచ్చు. పలకల పని మీద ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. నిజంగానే లేదు. ప్రతి పుస్తకమూ "శుభ్రమైన పలకను తీసుకొని" అంటూ మొదలవుతుంది. శుభ్రంగా లేనిది తీసుకుంటే ఏమిటన్న ప్రశ్నే ఎవరూ వేసుకోలేదు. గోడలో ఉన్నవాడే గెలిచేలా ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. సంతకం మాత్రం పెట్టలేదు.

నమోదు 4

పక్కింట్లో పెళ్ళికి వెళ్ళాను. వెళ్ళే ఓపిక లేదు కానీ, వెళ్ళకపోతే సంతకం గొడవతో బెంగపెట్టుకుందంటారు.

పెళ్ళికొడుకు వాళ్ళది పంటల గుంట, చంద్రుడికి అవతలి పక్క వ్యవసాయం చేసే ఊరు. తలంబ్రాల వేళకి పళ్ళెంలో గాజుపూసలు తెచ్చారు. మాకు తలంబ్రాలంటే అవే. బియ్యంలో నూక ఉంటుంది, పసుపు రాలుతుంది. కడిగి ఆరబెట్టిన పసుప్పచ్చ పూసలైతే రాలిపడేది ఏమీ ఉండదు. పెళ్ళికొడుకు మేనమామ పళ్ళెంలోకి తొంగిచూసి, "ఇవేంటండీ, పూసలు పోసుకుంటారా? బియ్యం ఏమయ్యాయి?" అని అడిగాడు.

మా వాళ్ళు నవ్వారు. ఒకావిడ "ఛీ, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే అవేం మాటలు," అంది.

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "నాకు తెలీక అడిగాను తల్లీ. శుభలేఖలో ఒక ముక్క రాసుంటే అడిగేవాణ్ణి కాదు."

"ఇవి కూడా రాస్తారా ఎవరైనా?" అంది ఆవిడ.

నేను అక్షింతలు, అంటే పూసలే, చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రాయరు. పొడి తేవద్దని, దుమ్ము పలకను దీపం కింద పెట్టవద్దని గాజుపాలెంలో ఎవరూ ఎప్పుడూ రాయలేదు. చనుబాలతోపాటు పట్టిన భయాన్ని పుస్తకంలో ఎందుకు రాస్తారు? రాయలేదు కాబట్టి గోడలో ఉన్నవాడికి ఆ భయం తెలియదు. మేం పుట్టిన దగ్గర్నుంచీ ఏ ఆలోచన వైపు తల తిప్పకుండా పెరిగామో వాడికి తెలియదు. వాడు అన్నీ చదివాడు, మా ఊళ్ళో మాత్రం పుట్టలేదు.

పూసలు వధూవరుల మీద వేసి, భోజనానికి ఆగకుండా ఇంటికొచ్చాను. నూకరత్నానికి కబురు పంపాను: శుభ్రమైన పలకలు నాలుగు కావాలి, ఎందుకని అడక్కండి. అడక్కుండానే పంపింది. "ఇరిగితే మీదే పూసీ," అని మాత్రం చెప్పి పంపింది.

నమోదు 5

విచారణ జరిగింది.

నూకరత్నాన్ని లోపలికి రానివ్వలేదు. బయటి వరుస వాళ్ళు సభాగదిలోకి రాకూడదు, ఒంటి మీద దుమ్ముంటుందని. ఆవిడ తలుపు అవతలే నిలబడింది. పెద్దలు ముగ్గురు. దక్షిణామూర్తి గారు, మిల్లు తరఫున ఒకాయన, వాళ్ళకి అధ్యక్షురాలిగా విశాలాక్షి గారు. ఆవిడ జీవితమంతా పలకల గదిలో పనిచేసి తల నెరిసిన మనిషి. ముగ్గురూ పలకల పని చేసినవాళ్ళే.

బల్ల మీద నాలుగు పలకలూ వరసగా పెట్టాను. చట్టాల గురించి ఏమీ చెప్పలేదు. ఒక్కటే అడిగాను.

"అమ్మా, నాలుగు పలకలుంటే ఒకదాని మీద దుమ్ము పడినా నష్టం లేదన్నది పలక పని తెలిసిన ఎవరికైనా తోచే సంగతేనంటారా?"

"తోచే సంగతే కదమ్మా," అన్నారు విశాలాక్షి గారు ఓపిగ్గా. "మిగతా మూడూ ఉన్నాయిగా. ఇప్పుడు వింటుంటే ఇందులో ఏముందనిపిస్తోంది."

"మీకూ అంతేనాండీ?"

మిగతా ఇద్దరూ తలూపారు. గోడలోంచి సామాన్యుడు కూడా, అడక్కపోయినా, "తేటతెల్లం," అన్నాడు.

నేను కొంగున కట్టుకున్న పొట్లం విప్పి, చిటికెడు కందిపొడి తీసి నాలుగో పలక మీద చల్లాను.

ముగ్గురూ లేచారు. మిల్లు పెద్దమనిషి కుర్చీ వెనక్కి పడిపోయింది. దక్షిణామూర్తి గారు నా చెయ్యి పట్టుకుని, ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "ఏం చేస్తున్నావే, నీకు మతి పోయిందా," అని అరిచారు. విశాలాక్షి గారు ఆ వయసులో బల్ల మీదికి వంగి, తన పట్టుచీర కొంగు లాగి పలక మీద కప్పేశారు. రెండు చేతులూ దాని మీద అడ్డంగా పెట్టారు, పొయ్యి మీంచి పొంగుతున్న పాలని ఆపబోయినట్టు. గది నిండా వేయించిన కందిపప్పు వాసన.

"ఎందుకు లేచారండీ?" అన్నాను. "మిగతా మూడూ ఉన్నాయిగా. నష్టం లేదని ఇప్పుడే ముగ్గురూ ఒప్పుకున్నారుగా. తేటతెల్లమన్నారుగా. కూర్చోండి మరి."

ఎవరూ కూర్చోలేదు. దక్షిణామూర్తి గారు నా చెయ్యి వదిలేశారు. విశాలాక్షి గారు పలక మీది చేతులు తియ్యలేదు. తియ్యాలని ఆవిడే అనుకున్నారు, వేళ్ళు కదిలాయి కూడా. కానీ తియ్యలేకపోయారు. కాసేపటికి తల తిప్పి గోడతో మాట్లాడారు.

"సామాన్యుడూ, మేమెందుకు లేచాం?"

యంత్రానికి కొంచెంసేపు పట్టింది. దానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"ముగ్గురు లేచారు," అన్నాడు. "కారణం నా దగ్గరున్న పత్రాల్లో లేదు."

విశాలాక్షి గారు అప్పుడు చేతులు తీశారు. కొంగుకి అంటిన పొడి వంక చూసుకుంటూ నెమ్మదిగా కూర్చున్నారు. "రాసుకోండి," అన్నారు. "ఈ ఊళ్ళో పలక పని తెలిసిన సామాన్యులం మేమే. ఈ ఆలోచన మాకు తోచలేదు. తోచకపోగా, తెచ్చి కళ్ళముందు పెడితే లేచి నిలబడ్డాం. ఈ అర్జీ మీద ముద్ర వేయకండి. ఆవిడ దీపం ఆవిడదే."

నేను తలుపు వైపు తిరిగి, "గెలిచారు!" అని నూకరత్నానికి కేకేశాను.

"రెండోది," అన్నారావిడ నా వైపు తిరిగి. "సభాగదిలోకి పొడి తెచ్చినందుకు బొడ్డు సుభాషిణికి ఉద్యోగం తీసేసి, ఊరి బయటికి పంపడమైంది. చెప్పుకునేదేమైనా ఉందా?"

"ఉందండి. పొట్లంలో ఇంకా కొంచెం మిగిలింది. తిని చూడండి."

నమోదు 6

బయటి వరుసకి వచ్చేశాను. నమోదు పుస్తకం వెంట తెచ్చుకున్నాను, అడిగితే ఇవ్వనన్నాను. దక్షిణామూర్తి గారు మూడో తలుపు దాకా వచ్చి సాగనంపారు. ఒక ఖాళీ సీసా చేతిలో పెట్టి, "గోంగూర అడుగున," అన్నారు. నా నమోదులు చదివారన్నమాట.

ఇక్కడ అన్నింటి మీదా దుమ్మే. మొదటి పూట మంచం మీద కూర్చోవడానికే నాకు ప్రాణం ఒప్పలేదు. నూకరత్నం దీపం వెలుగుతోంది. ఆగిన గాలి యంత్రాలకి ఒకదాని తరవాత ఒకటి కొత్త చిప్పులు వేస్తున్నారు. పక్కింటి వాళ్ళు పక్కబట్టలు చుట్టుకుని ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు.

గెలిచారన్న మాటే తప్ప ఎలా గెలిచామన్నది నూకరత్నానికి తెలియదు. ఇవాళ అన్నం తింటుంటే అడిగింది. పెళ్ళిలో పూసల దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. రాయని భయం సంగతి చెప్పాను. ముగ్గురి చేతా ఔననిపించి, ఆ మాట నోట్లో ఉండగానే పొడి చల్లడం చెప్పాను. చెప్తుంటే నాకే గర్వంగా ఉంది. ఉద్యోగం పోగొట్టుకున్నదాన్ని, ఆ మాత్రం గర్వానికి హక్కుంది.

నూకరత్నం అంతా విని, అన్నంలో కందిపొడి వేసి నూనె పోసి కలుపుకుంటూ అంది:

"ఓస్, ఇంతేనేటి? పలక మీద దుమ్ము జల్లితే ఆల్లు లెగుత్తారని సిన్నపిల్లకైనా తెలుసుద్ది."

ఏకీభవించడం లేదు.